మా తమ్ముడి ఆలివ్ పాస్తా

మా అమ్మకు సీసా అంటే పడదు. అది మందు సీసానే కానక్కర్లేదు. చుట్టాలెవరైనా గాజుసీసాలో కూల్‌డ్రింకు తెస్తే, ఖాళీ అయిన మరుక్షణం అది మా గడప దాటాల్సిందే. మా ఇంట్లో నూనె స్టీలు క్యాన్‌లో ఉంటుంది, తేనె స్టీలు డబ్బాలో ఉంటుంది. నాకు దగ్గు వస్తే సిరప్పు కూడా చెంబులోకి వంపమంటావేమో అని ఏడిపించేదాన్ని. అమ్మ నవ్వేది కాదు. ఈ ఒక్క విషయంలో ఆమె దగ్గర వేళాకోళం చెల్లదు.

కారణం మా గని కార్మికుల లైన్లలో అందరికీ తెలిసిందే. బంగారు గనులు మూసేశాక చాలా ఇళ్ళల్లో జరిగినట్టే మా ఇంట్లోనూ జరిగింది. నాన్న భూమి కింద పని నేర్చిన మనిషి. పైన ఏం చేయాలో ఆయనకు తోచలేదు. మొదట్లో సాయంత్రాలు తాగేవాడు, తర్వాత మధ్యాహ్నాలు కూడా, ఆ తర్వాత దానికి వేళాపాళా లేకుండా పోయింది. ఆయన పోయేనాటికి నేను హైస్కూల్లో ఉన్నాను, తమ్ముడు ఇంకా చిన్న బడిలోనే. అమ్మ బట్టలు కుట్టి మమ్మల్ని పెంచింది. ఆదివారం చర్చిలో తమ్ముణ్ణి పక్కన నిలబెట్టుకుని, వీడి నోటికి ఆ రుచి తెలియకుండా కాపాడు ప్రభువా అని పక్కవాళ్ళకు వినపడేలా ప్రార్థన చేసేది.

అంత ప్రార్థన చేస్తే వాడు పోయి పోయి బెంగళూరులో బార్‌టెండరు అయ్యాడు.

హోటల్ చదువు చదువుతానంటే వంటవాడు అవుతాడనుకుంది అమ్మ. వాడూ అదే అనుకున్నాడు. మొదట వంటింట్లోనే పెట్టారు. వాడి చురుకు, నవ్వు ముఖం చూసి కొన్నాళ్ళకు బార్ కౌంటరుకు మార్చారు. ఆ మాట ఇంట్లో దాచాడు గానీ, అబద్ధం ఆడటం వాడికి చేతకాదు. ఒక సోమవారం అమ్మ అడగనే అడిగింది.

"హోటల్లో యాడ రా నీ పని?"

"లోపలే మా."

"లోపలంటే యాడ?"

"బార్లో."

అమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. "ఆ చేతుల్తో నాకు నీళ్ళు గూడా ఇయ్యొద్దు" అని కుట్టు మిషను ముందు కూర్చుంది. ఆ మాట మీదే ఉండిపోయింది కూడా. వాడి సెలవు సోమవారం. పొద్దున రైల్లో వచ్చేవాడు. అమ్మ వాడికి సంగటి, కోడి పులుసు చేసి కడుపు నిండా పెట్టేది. కానీ వాడు చెంబుతో నీళ్ళు అందిస్తే చేయి చాపేది కాదు, లేచి వెళ్ళి తానే ముంచుకునేది. "నేను కలిపి ఇస్తానంతే మా, నోట్లో పోసుకోను" అని వాడు ఎన్నిసార్లు చెప్పాడో. అమ్మ వాడి చొక్కాలు ఉతికే ముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూడటం నేను చాలాసార్లు చూశాను. ఏనాడూ ఏ వాసనా దొరకలేదు. దొరకలేదని మాత్రం ఒప్పుకోలేదు.

ఇద్దరూ మొండివాళ్ళే. మధ్యలో నలిగింది నేను. నేను బెంగళూరులో ఒక ఆఫీసులో పని చేస్తూ రోజూ రైల్లో పోయి వస్తాను. ఒక సోమవారం ఒంట్లో బాగాలేదని ఇంట్లోనే ఉన్నాను. తమ్ముడు సంచీలోంచి న్యూస్‌పేపరు చుట్టిన పొట్లం ఒకటి తీశాడు. విప్పితే గాజుసీసా. అందులో మబ్బు పట్టిన నీళ్ళు, ఆకుపచ్చ కాయలు.

"ఏంది రా ఇది? అమ్మ చూసిందంటే నిన్నూ దీన్నీ కలిపి బయట పడేస్తాది."

"ఆలివ్ కాయలక్కా. ఉప్పునీళ్ళలో ఊరబెట్టింది. మందు కాదు, మూత తీసి చూడు."

అమ్మ చర్చిలో ఆడవాళ్ళ కూటానికి వెళ్ళి ఉంది. వాడు వంటింట్లో కత్తిపీట ముందు వేసుకుని నాకు తన ఉద్యోగం గురించి మొదటిసారి వివరంగా చెప్పాడు. మార్టీని అని ఒక డ్రింకు ఉంటుందట. అందులో ఈ కాయలు ఊరిన నీళ్ళు కలిపితే గ్లాసులో మబ్బు కమ్ముతుందట. దాన్ని డర్టీ మార్టీని అంటారట. వాడు దాన్ని ఎంత బాగా కలుపుతాడంటే, వాడు ఉన్న రోజు చూసి వచ్చేవాళ్ళు ఉన్నారట. ఇప్పుడు బెంగళూరులో ఆ రుచినే పాస్తాలోకి దించి తింటున్నారట.

"దాంట్లోంచి మందు తీసేస్తే ఇంగేం మిగుల్తాది? ఉప్పునీళ్ళు, కాయలు. అది అమ్మ తినొచ్చు గదా" అన్నాడు. సీసా మూత బిగిస్తూ, "నేనేం పని చేస్తానో అమ్మకు ఒక్కసారన్నా తెలియాలక్కా. నా చేత్తో ఒక్క స్పూను తింటే చాలు" అన్నాడు.

వాడికి కావలసింది అంతే. ఆ తర్వాత జరిగినదంతా ఆ ఒక్క స్పూను గురించే.

వెన్న కరిగించి వెల్లుల్లి వేశాడు. అది ఎర్రబడక ముందే, అమ్మ నెయ్యి కోసం దాచుకున్న మీగడ మొత్తం తీసి పోశాడు. పొయ్యి బాగా తగ్గించి ఆలివ్ నీళ్ళు కొంచెం కొంచెంగా వంచుతూ కలిపాడు. మిరియాలు దంచి వేశాడు, చీజ్ తురిమాడు, కాయలు సన్నగా తరిగాడు. ఉడికిన పాస్తా అందులో వేసి గిన్నె ఎగరేస్తూ కలుపుతుంటే, ఇంత చిన్న వంటింట్లో ఆ విన్యాసాలేమిటని నవ్వాను. వాడు నవ్వలేదు. చెమటలు పడుతున్నాయి వాడికి. హోటల్లో ఎంతమందికి వండినా ఇంత భయపడి ఉండడు.

అమ్మ వచ్చింది. వాసన పట్టింది. సీసా చూసింది.

"ఇది మందు కాదు మా. వాసన చూడు, ఉప్పు. మన మామిడికాయ ఊరేసినట్లే" అని సీసా ఆమె ముక్కు దగ్గరకు తీసుకుపోయాడు. అమ్మ తల తిప్పుకుంది. ప్లేటులో పెట్టి ఆమె ముందు ఉంచి, ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "ఒక్క స్పూను మా."

"ప్రార్థన చేసుకొని వచ్చినాను. నన్ను వదిలిపెట్టు" అంది అమ్మ. ప్లేటును వేలితో జరిపింది. లేచి వెళ్ళి మిషను తొక్కడం మొదలుపెట్టింది.

నేను కోపంతో రెండు ప్లేట్లు తిన్నాను. చాలా బాగుంది. బాగుందని అమ్మకు వినపడేలా చెప్పాను. తమ్ముడు కొంచెమే తిని, మిగిలినదానికి మూత పెట్టాడు. సాయంత్రం వాడితో పాటు స్టేషన్ దాకా నడిచాను. బంగారం తీశాక గనులవాళ్ళు పోసిన సైనైడ్ మట్టి దిబ్బల మీంచి గాలి దుమ్ము లేపుతుంటే కర్చీఫు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇంగోసారి చేస్తాలే అక్కా. తింటాది చూడు" అన్నాడు.

కానీ తర్వాతి సోమవారాల్లో వాడు వంట జోలికి రాలేదు. వచ్చేవాడు, అమ్మ పెట్టింది తినేవాడు, మధ్యాహ్నం పడుకునేవాడు. పనిలో అలసిపోతున్నాడనుకున్నాను.

వానాకాలంలో వాడికి కామెర్లు వచ్చాయి. గదిలో ఉండే స్నేహితులకు కూడా వచ్చాయి, వాళ్ళకు తగ్గిపోయాయి. వాడికి ముదిరి కాలేయం దెబ్బతింది. బెంగళూరు ఆసుపత్రిలో డాక్టరు బయటికి రాగానే అమ్మ అడిగిన మొదటి మాట నేను ఈ జన్మకు మరచిపోలేను. "వీడు తాగుతాడా సార్?" అని అడిగింది. లేదమ్మా, ఇది తాగుడు వల్ల కాదు, చెడ్డ నీళ్ళ వల్ల వచ్చింది అన్నాడాయన. తలుపు తెరిచే ఉంది. తమ్ముడు కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. విన్నాడో లేదో నాకు తెలియదు. వినలేదనే అనుకుంటూ ఉంటాను.

వాడు మళ్ళీ ఇంటికి రాలేదు.

సమాధుల తోటలో మట్టి వేశాక జనం తిరిగి వెళుతూ గుసగుసలాడారు. "బార్లో పని గదప్పా, ఇంగేమయితాది" అని ఎవరో అన్నారు. అంతవరకూ కంటనీరు పెట్టకుండా ఉన్న అమ్మ గిర్రున తిరిగింది. "నా బిడ్డ ఒక్క చుక్క ముట్టల్లేదు" అంది. గొంతు చించుకుని అంది. ఆ మాట వాడు బతికుండగా అని ఉంటే ఏం పోయిందమ్మా అని నాకు అడగాలనిపించింది. అప్పుడు అడగలేదు, ఆ తర్వాత కూడా అడగలేదు. కానీ ఆ ఏడాదంతా రైల్లో కిటికీ పక్కన కూర్చుని మనసులో అమ్మతో పోట్లాడుతూనే ఉన్నాను. కన్నబిడ్డ నేల మీద కూర్చుని బతిమాలితే ఒక్క స్పూను నోట్లో పెట్టుకోలేదు, ఇదేం తల్లి అనుకునేదాన్ని. అమ్మ చిక్కి సగమైంది. ముద్ద ముందు పెట్టుకుని అలాగే కూర్చునేది. జాలి కలిగేది, జాలి వెంటే కోపం వచ్చేది.

వాడు పోయి ఏడాది నిండిన ప్రార్థన దగ్గర పడింది. వచ్చినవాళ్ళకు ఏం పెడదామని అడిగాను.

"జనాలకు బిర్యానీ చెప్పు. బంగారుపేట వంటాయన చేస్తాడు" అంది. ఆ తర్వాత నా వైపు చూడకుండా, "దానికి ముందు ఆదివారం, వాడు చేసిన ఆ కాయల ఊట చెయ్యి. మనిద్దరికే" అంది.

"ఇప్పుడు యాల, వాడు పోయినాక?" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

ఆఫీసు దగ్గర పెద్ద అంగట్లో ఆలివ్ సీసా కొని, టిఫిన్ సంచీలో నిలబెట్టి తెచ్చాను. రోజూ నాతో రైల్లో వచ్చే ఆడవాళ్ళు చూసి, "ఏం కాయలు మ్మే ఇవి? కళ్ళు బయట పెట్టి చూస్తా ఉండాయి" అని నవ్వారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. ఇంట్లో సీసాను గట్టు మీద పెట్టి ఏమంటుందోనని చూశాను. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది, కొంగుతో తుడిచింది, మళ్ళీ అక్కడే పెట్టింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక పొయ్యి వెలిగించాను. వాడు చేస్తుంటే పక్కనే నిలబడి చూసినదాన్ని కదా, అంతా గుర్తుందనుకున్నాను. తగ్గించాల్సిన పొయ్యి తగ్గించడం మరిచిపోయాను. ఆలివ్ నీళ్ళు పోయగానే మీగడ విరిగింది. ఉప్పు కూడా ఎక్కువైంది. వాడుంటే తలకొట్టుకునేవాడు. పారేసి మళ్ళీ చేయడానికి మీగడ లేదు. విరిగినదే ప్లేటులో పెట్టి ఇచ్చాను.

అమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. ఒక స్పూను తింది. నిదానంగా నమిలింది. ఇంకో స్పూను తింది. ఉప్పు గురించి అంటుందని ఎదురుచూస్తున్నాను.

"దీంట్లో నిమ్మతొక్క లేదు" అంది.

"నిమ్మతొక్కా?"

"వాడు నిమ్మకాయ తొక్క సన్నంగా గీరి వేసినాడు. నమిల్తే కడాన రవ్వంత చేదు తగుల్తా ఉండె. అది ఉంటేనే ఆ మీగడ వెగటు కొట్టదు."

నిజమే. చివర్లో వాడు నిమ్మకాయ పట్టుకుని తురుముపీట కోసం వెతికాడు. రెండు ప్లేట్లు తిన్న నేను మరిచిపోయాను.

"నువ్వు తినలేదు కదమ్మా" అన్నాను.

అమ్మ స్పూను ప్లేటులో పెట్టేసింది.

"నువ్వు వాణ్ణి స్టేషన్‌కు విడిచేదానికి పోయినావు గదా. అప్పుడు తిన్నాను. ఒక్క స్పూను చూస్తామని ఎత్తుకున్నాను. గిన్నె కాలీ అయ్యేదాకా ఆపలేకపోయినాను. అంత బాగుండె మే."

"వాడికి చెప్పలేదా?"

"రైల్లోనించి ఫోన్ చేసినాడు. మిగిలింది ఏం చేసినావు మా అని అడిగినాడు. కుక్కకు వేసినాను అన్నాను."

ఆ మాట విన్నాక ఏడాదిగా మనసులో దాచుకున్న కోపమంతా అనేయవచ్చు. నోరు తెరిచాను కూడా. అమ్మ ముఖం చూశాను.

"వాడేమన్నాడు?" అని మాత్రం అడిగాను.

"కొంచేపు ఉలుకూ పలుకూ లేదు. మళ్ళ నవ్వినాడు. కుక్క తినిందా మా అని అడిగినాడు. తినింది రా, బాగా తినింది, గిన్నె నాకి పెట్టింది అన్నాను." అమ్మ తల ఎత్తి నన్ను చూసింది. "వానికి అర్థమై ఉంటాది గదా మే? తినింది నేనే అని?"

నాకు నా తమ్ముడు తెలుసు. అర్థమై ఉంటే తర్వాతి స్టేషన్ వచ్చేలోపే నాకు ఫోన్ చేసి సంతోషంతో కేకలు పెట్టి ఉండేవాడు. చేయలేదు. ఆ రోజు తర్వాత వాడు మా ఇంట్లో పొయ్యి ముట్టలేదు.

"అర్థమై ఉంటుందమ్మా" అన్నాను.