నానేసిన నైలాన్ మోకు

బావ పోయి ఎనిమిది నెలలు. తాటిచెట్లెక్కి బతికిన మనిషి కాబట్టి, తెలియనివాళ్ళు చెట్టు మీంచి పడ్డాడా అని అడుగుతారు. కాదు. జ్వరంతో మంచం మీదే పోయాడు. ఒక వేసవి పొద్దున మాత్రం అతన్ని చెట్టెక్కకుండా ఆపాలని నేను చూశాను.

అక్కా బావలది అల్లూరు దగ్గర ఊరు. నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే తాడును మోకు అంటారు. బావ పాత మోకు కొబ్బరిపీచుది. ఎక్కే ముందు దాన్ని తొట్టిలో నానేసేవాడు. తడిస్తే మెత్తబడి చెట్టును చక్కగా చుట్టుకునేది. అది అరిగిపోయిందని నేను కావలిలో నైలాన్ తాడు కొనిచ్చాను. మర్నాడు లేచి చూస్తే, కొత్త తాడు తొట్టిలో మునిగి ఉంది.

"దీన్ని నానెయ్యకూడదు బావా. నైలాన్ తడిస్తే బలం తగ్గుతుంది. ఆరితే చాలావరకు తిరిగొస్తుంది" అన్నాను. కొండలెక్కేవాళ్ళ పుస్తకంలో చదివానని కూడా చెప్పాను. అక్కడ తప్పు చేశాను.

"ఆ పుస్తకంలో తాటిచెట్లు ఉండాయా, అబ్బయా?"

"లేవు."

"మరి ఏం కోసుకోను ఎక్కతారంట?"

"ఊరికే. ఎక్కి, దిగుతారు."

బావ వంటింటి వైపు తిరిగి కేకేశాడు. "ఇన్నావా మే, నీ తమ్ముడి పుస్తకాల్లో పనీపాటా లేనోళ్ళే ఉండారంట!"

"తాడు నానేసింది నువ్వు. నవ్వేది వాణ్ణి చూసా?" అంది అక్క లోపల్నుంచి.

మధ్యాహ్నం ముంజెలకు ఆటో వస్తుంది. ఇంకో రోజు ఆగితే కాయలు ముదురుతాయి. బావ తడి మోకుతోనే బయలుదేరాడు. ముందు నేలకు జానెడెత్తులో నిలబడి ఆనుకుని చూడమని బతిమాలాను. నా ముచ్చట తీర్చడానికి మోకు చుట్టుకుని వెనక్కి వాలాడు. తాడు సాగింది. బావ నెమ్మదిగా కిందికి జారి ఇసుకలో కూర్చున్నాడు.

తడి వల్ల సాగిందో, కొత్త ముడి బిగుసుకోకో నాకు తెలియదు. తెలియదని చెప్పలేదు.

అక్క వచ్చి చూసింది. నవ్వలేదు. ఆటో అతనికి ఫోన్ చేసి సాయంత్రం రమ్మంది.

"ఎండలో కాదు, నీడలో ఆరెయ్యాలి" అన్నాను.

"ఒళ్ళు నల్లబడతాదా దీనికి?" అంటూనే బావ దాన్ని వసారాలో దండెం మీద వేశాడు. గంటకోసారి పిలిచి, "చెయ్యేసి చూడు అబ్బయా, ఆరిందా? పుస్తకం ఏమంటాది?" అని అడిగాడు. నేను ప్రతిసారీ చెయ్యేసి చూశాను.

నాలుగు దాటాక మళ్ళీ ముడివేసి, మళ్ళీ కింద ఆనుకుని చూశాడు. ఈసారి నేను అడగలేదు. తాడు నిలిచింది. ఎక్కాడు. మట్టల్లోకి చేరేదాకా నేను కళ్ళు తిప్పలేదు.

పైనుంచి గొంతు వినిపించింది.

"అబ్బయా! మోకు బాగానే ఆరింది. నువ్వే తడిసిపోయినావు!"

చూసుకున్నాను. చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయి ఉంది.

"ఇంక జరుగు పక్కకి. గెల ఏస్తా ఉండా."

జరిగాను.