పడుకుని ఇల్లు చూసే మనిషి

ఆ సిటీ బస్సు డ్రైవరుకి కొనబోయే ఇల్లు చూడటమంటే పడుకుని చూడటమే. తెల్లారకముందే డ్యూటీ ఎక్కి పట్టపగలు నిద్రపోయే మనిషి కాబట్టి, గోడలూ కుళాయిలూ ఆయనకి పట్టవు. పడకగదిలో తువ్వాలు పరుచుకుని, చెవి నేలకి ఆనించి కళ్ళు మూసుకుంటాడు. ధరలు మండిపోతున్న రోజుల్లో ఈ వాలకం చూసి బ్రోకరు గేటు దగ్గరే దణ్ణం పెట్టి పంపేసేవాడు. ఇప్పుడు ఇళ్ళు కొనే దిక్కులేక, "పడుకో అన్నా, దిండు కూడా తెమ్మంటావా?" అంటున్నాడు.

మొన్న ఆదివారం చూసిన ఖాళీ ఇల్లు ఆయనకి తెగ నచ్చింది. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. పెళ్ళైన దగ్గర్నుంచీ అద్దె కొంపలు మారుతున్న భార్యకి ఫోన్ చేద్దామనుకుంటూ ఉండగా, తాళం వేసిన వంటగదిలోంచి చిన్నపిల్ల దగ్గు వినపడింది. "పక్కింట్లోదన్నా" అన్నాడు బ్రోకరు. డ్రైవరు లేచి తాళం తీయించాడు. లోపల మూటల మధ్య ఒకామె, కూతురి నోటికి కొంగు అడ్డం పెట్టి కూర్చుని ఉంది. "అద్దెకుంటున్నాం అన్నయ్యా. మనుషులున్నారంటే ఇల్లు ఎవరూ కొనరంట, కిక్కురుమనొద్దన్నాడు ఈ బ్రోకరు."

"సామాన్లతో కలిపి మనుషులకి తాళమేస్తావా, సిగ్గులేదురా నీకు? రేపు మా ఓనరు నా పెళ్ళాం పిల్లల్నీ ఇలాగే పెడతాడు."

"ఇంత చవగ్గా మళ్ళీ దొరకదన్నా, ఆవేశపడకు."

ఆ ఇల్లు ఆయన కొనలేదు. ఇప్పటికీ ఆదివారాలు తువ్వాలు భుజాన వేసుకుని తిరుగుతూనే ఉన్నాడు. కాకపోతే దాన్ని పరిచేముందు, మూసున్న ప్రతి తలుపూ తట్టి, "లోపలెవరైనా ఉంటే దగ్గండమ్మా, పర్లేదు" అంటాడు.