టాంకీకి రంగు కొట్టిన రోజులు

మా చిన్నబిడ్డ సంచిలోంచి నొక్కితే రంగు చిమ్మే డబ్బాలు తీసి అరుగు మీద పెట్టగానే నేను ఒకదాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. లోపల ఏదో టకటక కొట్టుకుంది. గోలీ అని బిడ్డ చెప్పింది. అడుక్కి దిగిన రంగును కలపడానికట. మూతి చూస్తే సూది పట్టేంత లేదు, అందులోకి గోలీ ఎట్లా పోయింది? మూతి బిగించకముందే వేస్తారని చెప్పినా నా మనసు ఒప్పలేదు. ఖాళీ అయ్యాక కోసి చూద్దామన్నాను. పేలుతుందని డబ్బా లాక్కుంది.

నేను అక్షరాలు నేర్చుకున్నది బిడ్డలు పెద్దయ్యాక, కంపెనీలో ప్యాకింగ్ పనికి పోయే రోజుల్లో. అప్పటి నుంచి చేతికొచ్చిన ప్రతి డబ్బా మీది రాతనూ కూడబలుక్కుంటాను. వీటి మీద తెలుగు లేదు. ఊపుతున్న చెయ్యి బొమ్మ, మంట బొమ్మ, ఆ మంట మీద అడ్డగీత ఉన్నాయి. అవి చాలు. మా ఆయనను బీడీ పట్టుకుని పశువుల కొట్టం దిక్కు రావద్దని చెప్పాను. ఎందుకని అడిగాడు. బొమ్మ చూపించాను.

రంగు కొట్టేది ఆయన మోటారు సైకిల్‌కే. ఉద్యోగమున్నన్నాళ్లూ దాని మీదే ఫ్యాక్టరీకి పోయాడు. మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక అది కొట్టంలో నిలబడిపోయింది. చిన్నబిడ్డ కాజీపల్లిలో మందుల కంపెనీలో పని చేస్తుంది. అప్పటిదాకా మధ్యాహ్నం షిఫ్టు. పోవడానికి కిష్టారెడ్డిపేట నుంచి ఆటోలు దొరికేవి, రాత్రి తోటి పనివాళ్లు దించిపోయేవారు. సోమవారం నుంచి తెల్లవారి షిఫ్టు అన్నారు. ఆ వేళకు మా దారిన ఆటో అన్నది ఉండదు. రాలేకపోతే నీ జాగాలో ఇంకొకరిని పెట్టుకుంటామని పై ఆఫీసరు మొహం మీదే చెప్పాడు. బండి దొరికితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే పోతుంది.

మెకానిక్ ఇంజను బాగు చేసి ఇచ్చాడు. బిడ్డకు నడపడమూ వచ్చు. అయినా మా ఆయన ఒప్పుకోలేదు. టాంకీ మీద రంగు పొక్కులు లేచి, పక్క రేకులు తుప్పు పట్టి ఉన్నాయి. అది ఆయనకు తలకొట్టేసినట్టు ఉంది.

"గీ తుప్పు బండి మీద నా బిడ్డ వోతాంటే ఊరంత నన్ను జూసి నవ్వుతది. మంచిగ జేసుకుంటే తీస్కపో. లేకుంటే ఆదివారం పాతినుము కొనే కబాడోడు వస్తడు, వానికిచ్చేస్త" అన్నాడు.

బిడ్డ మాట పెంచలేదు. మర్నాడే టాంకీ విప్పింది. పెట్రోలు వంచేసి, కడిగి, ఎండలో పెట్టింది. ఎమరీ కాగితంతో రుద్దింది. నేనూ ఒక పక్క రేకు రుద్దాను. మంచు పడుతున్నప్పుడు కొడితే రంగు తెల్లబడుతుందట, అందుకని ఎండ ఎక్కేదాకా ఆగాం. డబ్బాను గోరువెచ్చటి నీళ్ల బకెట్లో నిలబెట్టింది. చలికి లోపలి గాలి మందగిస్తుందని, వెచ్చబడితే సన్నగా, సమంగా బయటికొస్తుందని చెప్పింది. దగ్గుమందును నీళ్లలో పెట్టి వేడి చేసినట్టుందే అనుకున్నాను.

ముందు బూడిదరంగు ప్రైమర్ కొట్టింది. పక్క రేకుల మీద బాగానే కూర్చుంది. టాంకీ మీద కొట్టి మేము ఇటు తిరిగి అటు తిరిగేలోపల అది ముడతలు పడడం మొదలైంది. పాలు చల్లారితే పైన మీగడ ఎట్లా ముడుచుకుంటుందో అట్లానే. నేను వేలు పెట్టి చూశాను. కింద మెత్తగా కదిలింది. బిడ్డ మాత్రం తల పట్టుకుని కూర్చుంది. కాసేపటికి లేచి మా ఆయన మంచం దగ్గరికి పోయింది.

"నాయినా, గీ టాంకీ మీది ఆకుపచ్చ రంగు నువ్వే ఏసినవా?"

"ఏసిన. తలుపులకెయ్యంగ మిగిలింది. పారేస్తమా?"

ఆయన తప్పు కాదు. మా వాడకట్టులో అందరూ చేసేది అదే. తలుపులకు ఆకుపచ్చ రంగు తెస్తే డబ్బా అడుగు కనబడేదాకా ఊరుకోరు. తులసి గద్దె, బోరు మోటారు పెట్టె, వడ్ల డ్రమ్ము, ఆఖరికి బండి, అన్నీ తలుపు రంగే. ఆ రంగు నూనెది. ఈ డబ్బాలోని మందు దాన్ని తింటుందట. పై రంగు కింది రంగును తినడం నేనెప్పుడూ వినలేదు. ఎట్లా తింటుందో చూడాలని అక్కడే కూర్చున్నాను.

పటాన్‌చెరు పోయి రంగు వదిలించే మందు తెచ్చింది. గంజిలాగా ఉంది. పూసి ఉంచితే ఆకుపచ్చ రంగు ఉబ్బి, తోలు ఊడినట్టు ఊడింది. దాని కింద కంపెనీ వేసిన ఎరుపు, దాని కింద బూడిద, ఆఖరున తెల్లటి ఇనుము. ఇన్నేళ్లు చూసిన బండికి ఇన్ని పొరలున్నాయని నాకేం తెలుసు? ఆ ఇనుమును వట్టి చేత్తో ముట్టనివ్వలేదు. చెమట తగిలినచోట తుప్పు పడుతుందట.

ఆమె మళ్లీ ప్రైమర్ కొడుతుంటే నాకూ చెయ్యి దురద పెట్టింది. ఒక పాత రేకు మూత ఇచ్చి కొట్టమంది. కొట్టాను. రంగు ఒక్కచోటే పడి, ధారలు కట్టి కిందికి జారింది.

"అమ్మా, గది వాకిలి గాదు. సాన్పి జల్లినట్టు జల్లుతున్నవేందే" అంది.

"ఇన్నేండ్ల నుంచి పొద్దుగాల వాకిట్ల పెండనీళ్ల సాన్పి జల్లిన చెయ్యి. ఇగ గిట్లనే వోతది" అన్నాను.

అయితే నీ సాన్పి ఇక్కడ చల్లు అని కొట్టంలో నేల చూపించింది. దుమ్ము లేవకుండా తడపాలట. రోడ్డు మీద లారీలు పోయినప్పుడల్లా మా ఇంట్లోకి దుమ్ము వస్తుంది. నేల తడిపి, గుంజలకు పాత చీరలు అడ్డం కట్టాను. తర్వాత ఆమె చేతినే గమనించాను. రేకు ఇవతలే డబ్బా నొక్కుతుంది, అవతలికి పోయాక వదులుతుంది. మధ్యలో చెయ్యి ఆగదు. మొదటి పొర చూస్తే ఎవరికైనా నమ్మకం పోతుంది. చుక్కలు చుక్కలుగా, ఇనుము కనబడుతూ, అమ్మవారు పోసినట్టుంటుంది. అక్కడ ఓపిక పట్టాలి. ఇంకొంచెం కొడదామంటే నా మూత గతే.

రంగు నేరేడుపండు రంగు. చీరలు కట్టినా గాలి దాన్ని మోసుకుపోయింది. పక్కింటావిడ పంచె పట్టుకుని వచ్చింది. వాళ్లది గుంటూరు వైపు, భర్త ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు.

"ఏంటండీ వదినగారూ, మావారి పంచె మీద ఈ నీలం? మీ ఇంట్లో హోలీ ముందే వచ్చిందా ఏంటి?" అంది.

నేను పంచె తీసుకుని దులిపాను. రంగు పొడిలాగా రాలిపోయింది, మరక లేదు. గాలిలోనే ఎండిపోయి దుమ్మై పడిందన్నమాట. ఇద్దరం దాన్ని వేలితో రాసి, వాసన చూసి, మళ్లీ రాశాం. ఆవిడ కోపం సంగతే మరిచిపోయింది.

శనివారానికి టాంకీ తయారైంది. అద్దంలాగా ఉందని చెప్పను గాని, నున్నగా, ఒక్క రంగుతో, ఎక్కడా జారకుండా ఉంది. పైకి ఆరినట్టు కనబడినా లోపల పచ్చిగా ఉంటుందని, ఎవరూ ముట్టొద్దని బిడ్డ చెప్పింది. మా ఆయన కొట్టం గడప దాకా వచ్చి చూసి పోయాడు. బాగుందనలేదు, బాగా లేదనలేదు. బిడ్డ ఆయన వీపునే చూస్తూ నిలబడింది.

ఆదివారం పొద్దున నేను వాకిలి ఊడ్చి కొట్టంలోకి పోతే ఆయన అక్కడున్నాడు. చేతిలో పసుపు గిన్నె. టాంకీ ముందర బొటనవేలితో గట్టిగా అద్దిన పసుపు, దాని మీద కుంకుమ.

"ఏం జేస్తున్నవయ్యా?"

"బండి బయటికి వోతది గద. ఉట్టిగ ఎట్ల వోతది?"

అంటే బండి బిడ్డకు ఇచ్చేసినట్టే. నాకు సంతోషమై, ముట్టొద్దన్న మాట మరిచి, పసుపు కిందికి కారుతుంటే కొంగుతో తుడిచాను. కొంగుకు నీలం అంటింది. టాంకీకి దారప్పోగులు అంటుకున్నాయి. బొటనవేలు దిగినచోట గుంట పడి, వేలి గీతలతో సహా పసుపు లోపలికి ఇంకింది. ఇంకా తుడవబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడే బిడ్డ వచ్చింది. వంగి ఆ గుంటను చూసింది.

"కబాడాయన ఎప్పుడొస్తడు నాయినా?" అని అడిగింది. "మంచిగ లేకుంటే ఇస్తనంటివి గద. మంచిగ లేదు సూడు."

ఆయన గిన్నె కింద పెట్టాడు.

"మంచిగనే ఉండె బిడ్డా. ఖరాబ్ జేసింది నేను. నా చెయ్యి వడి ఖరాబైనదాన్ని నేనెట్ల అమ్ముకుంట?" అన్నాడు.

కబాడీ అతను తన బండి తోసుకుంటూ వచ్చి కేకేసినప్పుడు, కర్ర పట్టుకుని ఆయనే గేటు దాకా నడిచాడు. మా ఇంట్లో ఇనుము లేదని చెప్పి పంపాడు.

మళ్లీ రంగు కొట్టి ఆరబెట్టే వ్యవధి లేదు. బిడ్డ ఆ చోటు వరకే రుద్ది, పోగులు తీసి, ప్రైమర్ కొట్టింది. అరచేయంత బూడిద మచ్చ మిగిలింది. సాయంత్రం టాంకీ బిగించి, పెట్రోలు పోసింది.

సోమవారం ఇంకా చీకటి విడవకముందే బండి గేటు బయట పెట్టింది. మా ఆయన మఫ్లర్ చుట్టుకుని వచ్చాడు. ఊరు నవ్వుతుందన్న మనిషి ఆ మచ్చ వైపు చూశాడు గాని దాని మాట ఎత్తలేదు.

"బొట్టు మల్ల ఎప్పుడు వెట్టాలె?" అని అడిగాడు.

"నేను జెప్పినంక" అని బిడ్డ కిక్కు కొట్టింది.

ఆయన సరేనని తల ఊపి, దారిలోంచి పక్కకు జరిగాడు.