ఎర ఈదే వేగం

నా చిన్నప్పుడు దసరా సెలవులంటే సముద్రమే. మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. ఇంట్లో దుప్పట్లకూ, బడి బట్టలకూ, ఆఖరికి అమ్మ కొంగుకూ మిరప ఘాటే. సెలవులివ్వగానే నాన్న నన్ను బస్సులో సింగరాయకొండ దాకా తీసుకొచ్చి, అక్కణ్ణుంచి ఆటోలో ఒడ్డునున్న మా పల్లెకు చేర్చి, మర్నాడే వెళ్ళిపోయేవాడు. అక్కడ తాతయ్య, నాయనమ్మ, పెళ్ళికాని చిన్నాన్న ఉండేవాళ్ళు.

తాతయ్య తెరచాప పడవ మీద గాలం వేసి వంజరం చేపలు పట్టినవాడు. నేను ఏడో తరగతికి వచ్చేసరికి ఆయన కళ్ళకు శుక్లాలు కమ్మి, వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనేవి కావు. నా భుజం పట్టుకుని ఇసుకలో నడుస్తూ, నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి, పడవలు ఎంత దూరంలో ఉన్నాయి అని అడుగుతూ ఉండేవాడు. నేను చెబుతూ ఉండేదాన్ని.

ఆ ఏడాది చిన్నాన్న ఒక పాత మోటారు కొని ఫైబర్ పడవకు బిగించాడు. పల్లెలో వాళ్ళంతా మెచ్చుకున్నారు. కానీ మోటారు వచ్చిన దగ్గర్నుంచి ఆయన గాలానికి ఒక్క వంజరం కూడా పడలేదు. వెళ్ళినంత వేగంగానూ ఖాళీ పడవతో తిరిగొచ్చేవాడు. ఒకరోజు అన్నం తింటూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"ఈ వారం చూస్తా. పడకపోతే మోటారు ఎవరికన్నా ఇచ్చేసి చీమకుర్తి పోతా. క్వారీలో పని ఉందంటన్నారు."

నాయనమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నీళ్ళ మీద పుట్టి పెరిగిన కొడుకును రాళ్ళ మధ్య ఊహించుకోవడం ఆమెకు చేతకాలేదు. తాతయ్య చెయ్యి కడుక్కుంటూ, "రేపు నేనూ వస్తా" అన్నాడు.

"కళ్ళు కనపడకుండా వచ్చి ఏం జేస్తావు నాయనా?"

"కళ్ళు నేను తెచ్చుకుంటాలే," అంటూ తాతయ్య నా తల మీద చెయ్యి వేశాడు.

ఆడపిల్ల పడవెక్కితే అచ్చిరాదని నాయనమ్మ గోల చేసింది. తాతయ్య వినలేదు. తెల్లారేసరికి నేను పడవలో, ఆయన మోకాళ్ళకు ఆనుకుని కూర్చుని ఉన్నాను.

ఒడ్డు సన్నని గీతలా మారాక చిన్నాన్న మోటారు బాగా తగ్గించి, గాలానికి ఎరగా ఒక చచ్చిన కవళ్ళ చేపను గుచ్చాడు. "దూరం వదలబాకు. ముందు పడవ పక్కనే నీళ్ళలో పెట్టు," అన్నాడు తాతయ్య. తర్వాత నావైపు తిరిగాడు. "ఎర ఎట్టా ఉంది తల్లీ? ఈదుతుందా?"

నేను అంచు మీదుగా వంగి చూశాను. చిన్నాన్న నాకేసి కళ్ళెగరేశాడు, బాగుందని చెప్పెయ్యమన్నట్టు. నాకు భయం వేసింది. కానీ తాతయ్య మసక కళ్ళు నా మాట కోసం ఎదురుచూస్తున్నాయి.

"లేదు తాతయ్యా. బొంగరంలా తిరుగుతోంది. ఉండుండి నీళ్ళ మీదికి ఎగురుతోంది."

"దానికేం తెలుసు!" చిన్నాన్న గట్టిగా అరిచాడు. "గుంటూరులో మిరపకాయలు చూసుకునే పిల్ల!"

"తెలిసింది చెప్పమనలేదురా, కనపడింది చెప్పమన్నా," అన్నాడు తాతయ్య. "చచ్చిన చేప బొంగరంలా తిరిగితే వంజరం దాని దగ్గరికి రాదు. పడవ నెమ్మదించాల."

చిన్నాన్న మోటారు ఇంకా తగ్గించాడు. అది దగ్గి ఆగిపోయింది. తాడు లాగి లేపాడు, మళ్ళీ ఆగిపోయింది. చెమటలు కారిపోతుంటే చివరికి చేతులు వదిలేసి కూలబడ్డాడు. "ఇంతకంటే తగ్గదు నాయనా. నేనేం జెయ్యను?" ఆ గొంతులో ఏడుపు ఉంది. ఇన్నాళ్ళూ కోపమనుకున్నది కోపం కాదని అప్పుడే నాకు అర్థమైంది.

"మోటారుది తప్పు కాదు, నీదీ కాదు. తెరచాపైతే గాలి వదిలేసేవాణ్ణి. దీనికి బరువు తగిలిద్దాం. నీళ్ళు తోడే బకెట్టు ఏది?"

దాన్ని తాడుకు కట్టించి, వెనక తిరిగే ఫ్యానుకు తగలకుండా పడవ నడుమ ఒక పక్క నుంచి నీళ్ళలోకి వదిలించాడు. చిన్నాన్న మళ్ళీ మోటారు లేపాడు. బకెట్టు నిండగానే ఎవరో పట్టి లాగినట్టు పడవ బిగుసుకుని, ముక్కు ఆ పక్కకే తిప్పింది. చద్దన్నం గిన్నెలు పెట్టుకొచ్చిన బకెట్టు ఖాళీ చేసి రెండో పక్కన కట్టాక పడవ తిన్నగా సాగింది.

"ఇప్పుడు?"

"ఎర తిరగడం తగ్గింది. కానీ ఒక పక్కకు వాలిపోతోంది."

తాతయ్య చిన్నాన్న చేత బకెట్ల తాళ్ళు ఇంకాస్త వదిలించాడు, పడవ ఇంకా నెమ్మదించింది. మళ్ళీ అడిగాడు. నేను నీళ్ళకు ముఖం ఆనేంత వంగాను. చచ్చిన చేపే. కానీ తోక ఇటూ అటూ ఆడుతోంది, పొట్ట ఒక్కసారి తళుక్కుమని మళ్ళీ చీకట్లోకి జారుతోంది.

"ఈదుతోంది తాతయ్యా! బతికున్నట్టే ఉంది!"

"ఇప్పుడు గాలం దారం దూరం వదులు," అన్నాడు చిన్నాన్నతో.

పక్కనుంచి పోతున్న పడవలోంచి ఎవరో, "ఏందిరో, బకెట్లు జాడిస్తన్నారా?" అని నవ్వారు. చిన్నాన్న చెయ్యి మోటారు హ్యాండిల్ మీద బిగుసుకుంది. దారాన్ని వేలికి ఆనించుకున్న తాతయ్యకు అది ఎలా తెలిసిందో, "పెంచబాకు," అన్నాడు మెల్లగా. చాలాసేపు అలాగే సాగాం. ఎండ వీపుకు తగలడం మొదలైంది.

ఉన్నట్టుండి దారం బుసకొట్టింది. తాతయ్య వెంటనే దాన్ని చిన్నాన్న చేతిలో పెట్టాడు. "నీదిరా. పట్టు."

అది నా నడుము ఎత్తున్న వంజరం. పడవలో పడి తోకతో పడవ అడుగును బాదుతుంటే చిన్నాన్న నవ్వాడో ఏడ్చాడో చెప్పలేను. తడి చేత్తోనే నా బుగ్గలు పుణికి, "నీ కళ్ళు చల్లగుండ" అన్నాడు.

ఆయన చీమకుర్తి వెళ్ళలేదు. అన్ని రోజులూ చేప పడలేదుగానీ, పడవ మీదే ఇల్లు నిలబెట్టుకున్నాడు, పెళ్ళి చేసుకున్నాడు. నవ్విన వాళ్ళు కూడా బకెట్లు కట్టడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు తాతయ్యకు కంటి ఆపరేషన్ అయింది. చూపు వచ్చాక కూడా నేను వెళితే ఒడ్డున కూర్చోబెట్టుకుని, ఏం కనపడుతుందో చెప్పమనేవాడు.

ఇప్పుడు నా జుట్టు నెరుస్తోంది. బాగుందని చెప్పెయ్యమని నాకేసి కళ్ళెగరేసే వాళ్ళు ఈ వయసు దాకా ఎందరో తగిలారు. అప్పుడల్లా ఒక్క క్షణం భయం వేస్తుంది, చిన్నప్పటిలాగే. అయినా కనపడిందే చెబుతాను. పదమూడేళ్ళన్నా నిండని ఒక ఆడపిల్ల మాట మీద, నడిసముద్రంలో ఇద్దరు పెద్దవాళ్ళు తమ పడవ వేగం మార్చుకున్నారు. అలా ఒకసారి నమ్మకం పొందిన మనిషికి, తర్వాత అబద్ధం చెప్పడం అంత తేలిక కాదు.