స్వెట్టరు మాస్టారి గాజు సామాను

రోళ్ళు పగిలే ఎండల్లో కూడా ఆవిడ పొద్దున్నే లేచి భర్త స్వెట్టరు దులిపి కుర్చీ మీద వేసేది. ఇప్పుడు ఆ కుర్చీ మీద ఏమీ వెయ్యదు. ఆయన పోయి నాలుగు నెలలైంది.

వీధిలో ఆయన్ని స్వెట్టరు మాస్టారు అనేవారు. "ఏం మాస్టారూ, ఇంకా చలి తగ్గలేదా?" అని నవ్వేవారు. ఆయన పనంతా లాబ్‌లోని చల్లగదిలోనని వాళ్ళకేం తెలుసు? పంతొమ్మిదో ఏట గాజు సామాను కడగడానికి చేరిన మనిషి, ముప్ఫై ఏళ్ళలో అక్కడ ఇంకెవరికీ చేతకాని పని నేర్చాడు. గడువు దాటిందని బ్లడ్ బ్యాంకువాళ్ళు పారేసే ప్లేట్‌లెట్ల సంచులు తెచ్చి, వాటిలోంచి ఒకే ఒక్క ప్రొటీన్ని వేరుచేసేవాడు. రోగాలతో పోట్లాడే తెల్లకణాలకు లెమ్మనీ, ఊరుకోమనీ చెప్పేది అదేనట.

"ఇంతా చేస్తే చిటికెడు కూడా రాదే," అనేవాడు కంచం ముందు కూర్చుని. "దానికి రవ్వంత మురికి అంటిందనుకో, కణాలు ఊరికే రెచ్చిపోతాయి. నింద ప్రొటీన్ మీద పడుతుంది."

ఆ ప్రొటీన్ మీద లాబ్ పెద్ద డాక్టరుగారి వ్యాసం అచ్చయిన రోజు దాన్ని ఇంటికి తెచ్చుకుని, వరుస వరుసా వేలు పెట్టి తన పేరు వెతుక్కున్నాడు. చివరిదాకా వెతికి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పోనీలే," అన్నాడు. ఆ మాట ఆవిడకు ఇప్పటికీ ముద్ద దిగనివ్వదు.

మొన్న డాక్టరుగారే ఇంటికి వచ్చారు. వెంట మాస్టారి స్థానంలో చేరిన అమ్మాయి.

"ఈ అమ్మాయి తీసిన ప్రొటీన్ చూడ్డానికి శుభ్రంగానే ఉంటోందమ్మా. కణాల మీద వేస్తే మాత్రం గోల గోల. ఆయన నోటుబుక్కు మీ దగ్గరుందా?"

"అటక మీది పెట్టెలో ఉండాలండి."

"కాస్త దించి పెట్టండి. ఎల్లుండి డ్రైవర్ని పంపిస్తాను. రెండో వ్యాసం ఆగిపోయింది."

"అందులో ఆయన పేరు వేస్తారా?"

డాక్టరుగారు నవ్వారు. "ఆలోచన చేసినవాళ్ళ పేర్లే వేస్తారమ్మా. ఆయనది చేతిపని. అయినా పోయినవాళ్ళకి పేరెందుకు చెప్పండి?"

"ఉన్నప్పుడూ వెయ్యలేదు కదండీ."

గుమ్మం దాటుతూ ఆ అమ్మాయి వెనక్కి తిరిగింది. "ఆంటీ, ఇంట్లో ఏమన్నా చెప్పేవారా?"

చెప్పేవాడు. గాజు సామాను కడిగి ఆవిరిలో పెడితే చాలదు, ఓవెన్లో గంటల తరబడి మాడ్చాలి, కంటికి కనపడని మురికి అప్పుడుగాని చావదు అని వందసార్లు చెప్పాడు. అందుకే రోజూ అందరికంటే ముందు లాబ్‌కి పరుగెత్తేవాడు. ఆ పిల్ల పీక్కుపోయిన ముఖం చూస్తే జాలేసింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"మాలాంటి చదువులేనివాళ్ళకేం చెబుతారమ్మా," అంది.

డ్రైవరు వచ్చే రోజు ఆవిడ ఇల్లు తుడిచింది, గిన్నెలు తోమింది, బట్టలు ఆరేసింది. పక్కింటి నిచ్చెన తెచ్చి అటకకు ఆనించింది కూడా. దాని కిందే కూర్చుంది.

"పెట్టె అందలేదామ్మా?" అన్నాడు డ్రైవరు.

"అందుతుంది."

"మరి?"

"దించలేదు నాయనా."

అతను వెళ్ళాక నిచ్చెన పక్కింట్లో ఇచ్చేసి వచ్చింది.