సున్నం కింది పగులు

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే నేను నిద్రపోను, అలాగని మెలకువగానూ ఉండను. లింగంపేట దగ్గర పొలాల్లో నిలిచిన నీళ్ల మీద మబ్బులు బస్సుతో సమానంగా నడుస్తుంటాయి. ఏటా ఇంటి ఇన్సూరెన్స్ రెన్యువల్ చేయించుకుని తిరిగి వచ్చే రోజు ఆ నీళ్లలో మా ఇల్లు కూడా కనిపించేది. ఏడాదికేడాది కాస్త తేలికగా.

తేలికపడటానికి కారణం నేనే. ఇంటి లోన్‌తో పాటు బ్యాంకువాళ్లు అంటగట్టిన పాలసీని మొదట్లో చదవకుండానే కట్టేవాణ్ని. తర్వాత డిగ్రీ ఉన్నందుకైనా చదవాలనిపించింది. అందులో స్థలం విలువ కూడా కలిపి ఉంది. స్థలం కాలిపోదు, కొట్టుకుపోదు. దాన్ని తీయించాను. మాకు లేని నగలకు కూడా రక్షణ ఉంది. అది చదివి కాసేపు సంతోషించి, తీయించాను. చిన్న నష్టాలు మావి, పెద్దవి మీవి అన్న షరతుకు ఒప్పుకుంటే ఇంకొంత తగ్గుతుందన్నారు. ఒప్పుకున్నాను. వీటన్నిటి పైన, ఇన్నేళ్లుగా క్లెయిమ్ చేయని ఇల్లు కాబట్టి మరో తగ్గింపు. నా జీవితంలో ఏమీ చేయకుండా సంపాదించిన బహుమతి అదొక్కటే. అందుకే దానిమీద అంత ప్రేమ.

“ఇల్లు కట్టిన్నాడు గూడ నీ మొఖంల గింత సంబురం చూడలే,” అనేది నా భార్య.

ఆ ఏడు బతుకమ్మ పండుగ ముందు ముసురు పట్టింది. ఒక పొద్దున లేచేసరికి వాగు మా పెరట్లో ఉంది. చప్పుడేమీ లేదు. తెల్లటి వెలుతురులో నీళ్లు గడప దాటి, ఏదో వస్తువు మరిచిపోయి వెనక్కి వచ్చినవాళ్లలా ఒక్కో గదీ చూస్తూ తిరిగాయి. వెనక అర్రలో ఉండే మా పెద్దమ్మ బీడీల చాట నీళ్ల మీద తేలుతూ వచ్చి వంటింటి తలుపు దగ్గర ఆగింది. ఆమె మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, తునికాకు కట్టను ఒళ్లో పెట్టుకుని, పోతున్న చాటనే చూస్తోంది. మా అమ్మకు అక్క ఆమె. చాలా ఏళ్లుగా ఆ అర్రలోనే గోడకు వీపు ఆనించి బీడీలు చుడుతోంది.

నీళ్లు పోయాక చూస్తే ఆ గోడే కింది నుంచి కిటికీ దాకా పగిలి ఉంది.

క్లెయిమ్ చేద్దామంది నా భార్య. నేను తొందరపడవద్దన్నాను. క్లెయిమ్ చేస్తే తగ్గింపు పోతుంది, వచ్చే ఏడు కట్టేది పెరుగుతుంది, పైగా మొదటి భాగం ఎలాగూ మనమే భరించాలి. ఇవన్నీ అన్నం ముందు వివరించాను. పెద్దమ్మ పెరుగు వేసుకుంటూ విన్నది.

“వానల గొడుగు తడుస్తదని సంకల పెట్టుకొని పోయేటోనివి నువ్వే,” అంది నా భార్య. “ఆ తగ్గింపును కట్టుకుంటమా, వండుకుంటమా? గోడ కూలి పెద్దమ్మ మీద పడితే దాన్ని అడ్డం పెడ్తవా?”

కంపెనీకి ఫోన్ చేశాను. సర్వేయర్ వచ్చి చూస్తాడని, అప్పటిదాకా ఏదీ ముట్టుకోవద్దని, ఫోటోలు తీసి పెట్టుకోమని చెప్పారు. నా భార్య ఫోటోలు తీసి నాకు పంపింది. “ఆఫీసరు వస్తడట, అర్ర చూస్తడట,” అని పెద్దమ్మకు నేనే చెప్పాను. ముట్టుకోవద్దన్న ముక్క కూడా చెప్పాను. అది ఆమె దాకా వెళ్లినట్టు లేదు.

అనుకున్న రోజు కామారెడ్డిలో సర్వేయర్‌ను కలుపుకుని ఆయన బండి మీదే ఎల్లారెడ్డి వచ్చాను. కళ్లజోడు పెట్టుకున్న నెమ్మదైన మనిషి. సందు మలుపు తిరగగానే బస్సు కిటికీ దగ్గర కనే నా కల ఇంకా పూర్తికాలేదేమో అనిపించింది. ఇంటి ముందు గోడ తెల్లగా ఉంది. వాకిట్లో ముగ్గు ఉంది. వెనక అర్ర గోడకు సున్నం ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆ తెలుపులో గోడ ఉందో, గోడ ఉండాల్సిన చోట వెలుతురే ఉందో తెలియడం లేదు. తెల్లవారుజామున నేను బయల్దేరాక నా భార్య కూడా డ్యూటీకి వెళ్లిపోయింది. పెద్దమ్మ పండుగ చీర కట్టుకుని సర్వపిండి చేస్తోంది.

“సార్, ఇల్లు ఇదేనా?” అన్నాడు సర్వేయర్.

“ఇదే బిడ్డా, రా, కాళ్లు కడుక్కో,” అంది పెద్దమ్మ. “చూడు, అంత మంచిగున్నది. నీళ్లు వచ్చినయ్, పోయినయ్. ఏం కాలే.”

“పెద్దమ్మా, ఏం కాలే అనకు,” అన్నాను మెల్లగా.

“ఏమైందని చెప్పాలె? ఇల్లు ముత్యం లెక్కుంటే!”

కంపెనీ తరఫున అంత బాగా వాదించే మనిషి కంపెనీలో కూడా ఉండకపోవచ్చు. వచ్చినాయన ముందు పరువు పోతుందని సున్నం వేసిందనుకున్నాను.

సర్వేయర్ నా ఫోన్‌లో ఫోటోలు చూశాడు. వేలు మడిచి గోడమీద తట్టాడు. లోపల డొల్ల చప్పుడు వచ్చింది. “పగులైతే ఉన్నది సార్. కానీ మొన్నటి నీళ్లకే పగిలిందా, పాత చెమ్మకా? పాతదైతే ఇయ్యరు. సున్నం కింద ఏముందో నాకేం తెలుస్తది?” అంటూ, గీత గీద్దామని జేబులోంచి సుద్దముక్క తీశాడు.

పెద్దమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, గోడకు ఆయనకు మధ్య నిలబడింది. చేతుల నిండా పిండి.

“ఎర్ర రంగు గూడ తెచ్చినవా బిడ్డా?”

“ఏం రంగు అవ్వా?”

“గట్లనే ఒక సారు వచ్చిండు. గోడ తట్టిండు, గీత గీసిండు, ఎర్ర రంగు ఏసి పోయిండు. ఎన్క మిషన్ వచ్చింది.”

రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయిన తన ఇంటి సంగతి అది. ఆ తర్వాతే ఆమె మా దగ్గరికి వచ్చింది. ఇల్లు చూడటానికి వచ్చే ఆఫీసరు ఎవరైనా సరే, ఆమెకు ఆ సారే. పగులు కనబడితే ఈ అర్ర కూడా పోతుందని సున్నం వేసింది.

సర్వేయర్ సుద్దముక్కను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. “అవ్వా, నేను కూలగొట్టేటోన్ని కాదు. గోడ మంచిగ చేసుకునేటందుకు పైసలు రాయనీకె వచ్చిన. నీ అర్ర నీదే.”

ఆమె ఆయన్ను వదిలి నావైపు చూసింది. “నిజమేనారా?”

“నిజమే. గోడ కట్టేదాక ముందరింట్ల పండు. అయినంక మళ్ల నీ అర్రల్నే.”

“మరి నీ తగ్గింపు పోతదంటివి?”

“పోనియ్ పెద్దమ్మా.”

అదేమీ త్యాగం కాదు. పెద్ద నష్టానికి కూడా పాలసీని వాడకుండా దాచిపెట్టుకుంటే ఇన్నేళ్లు ఎందుకు కట్టినట్టు? అయినా ఆమె ఇంకాసేపు నా ముఖం చూసింది. తర్వాత చేతులు కొంగుకు తుడుచుకుని, చాటలోంచి ఆకు కత్తిరించే కత్తెర తీసి, గోడ ముందు కూర్చుంది.

పైపైన ఆరిన సున్నం పొరలు పొరలుగా రాలింది. కిటికీలోంచి వచ్చే ఎండలో తెల్లటి పొడి ఎటూ పోకుండా గాలిలోనే నిలబడింది. ఆమె జుట్టు మీద, సర్వేయర్ కళ్లజోడు మీద, నా చొక్కా మీద మెల్లగా వాలింది. కత్తెర చప్పుడొక్కటే.

“ఇగో,” అంది చివరికి, కింది నుంచి పగులు వెంట వేలు నడిపిస్తూ. “పాతది కాదు బిడ్డా. దినాము గీడ్నే ఈపు ఆనిచ్చి బీడీలు చేస్త. ఉంటే నా ఈపుకు తాకకపోవునా?”

సర్వేయర్ కళ్లజోడు తుడుచుకుని ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. కొంచెం పక్కకు జరగమన్నాడు. ఆమె జరగలేదు. కంపెనీకి వెళ్లిన ఫోటోలన్నిటిలోనూ పగులు పక్కన మా పెద్దమ్మ ఉంది, పండుగ చీరలో, వేలు తీయకుండా.