రెండు టైర్లకు పట్టించని గాలి

నాయన దగ్గర నుంచి వచ్చిన కార్డులో నాలుగే వాక్యాలు. ఆయనకు రాయడం రాదు కాబట్టి బడి అయ్యవారి చేత రాయించాడు. గడ్డివామి అయిపోయింది. ఎద్దులు పట్టి లేపితే గానీ లేవడం లేదు. శనివారం దళారుల లారీ ఊరికి వస్తుంది, పొద్దున పది దాకా ఉంటుంది. ఆ లోపల నువ్వు గడ్డి తెస్తే వాటిని అమ్మను, లేకుంటే ఎక్కించేస్తాను. ఎనభైల్లో వానలు వరసగా ముఖం చాటేసిన ఏడాది అది. అనంతపురంలో ఒక విత్తనాల కొట్టులో గుమాస్తాగా ఉన్న నాకు ఆ కార్డు గురువారం సాయంత్రం అందింది. ఆ ఎద్దులు, తెల్లోడూ కర్రోడూ, మా ఇంట్లోనే పుట్టిన దూడలు. దళారుల లారీ ఎక్కిన గొడ్లు ఎక్కడికి పోతాయో మా జిల్లాలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. అందుకే బయలుదేరాను.

ఇప్పుడు కదిరి వైపు గుట్టల్లోకి, ఏటి ఇసుకల్లోకి సొంత జీపుల్లో సరదాగా వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు. నా ప్రయాణంలో సరదా ఏమీ లేదు. అయినా ఇసుక అప్పుడూ ఇసుకే, ఇప్పుడూ ఇసుకే. మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

శుక్రవారమంతా తిరిగి వరిగడ్డి సంపాదించాను. బస్సువాళ్లు గడ్డి ఎక్కించుకునేది లేదన్నారు. లారీవాళ్లు ఆ పల్లెకు రామన్నారు. చివరికి బస్టాండు వెనక ఓబులేసు దొరికాడు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ, మిలిటరీవాళ్లు వేలంలో అమ్మేసిన పాత పెట్రోలు జీపు ఒకటి ఉండేది. రోజుకు నూరు రూపాయలు, పెట్రోలు మనది. వెనక సీట్లు పీకేసి, లోపలా పైనా కట్టలు పేర్చి తాళ్లతో బిగించాం. రెండు ఎద్దులకు పదిహేను రోజుల మేత. ఆ పదిహేను రోజులూ గడిస్తే కదిరిలో సర్కారు గడ్డి ఇస్తారని అందరూ చెప్పుకుంటున్నారు.

శనివారం తెల్లవారుజామున అయిదుకు కదిలాం. బత్తలపల్లిలో ఆగి అర్ధరూపాయి పెట్టి తలా ఒక టీ తాగాం. ముదిగుబ్బ దాటేసరికి బాగా వెలుతురు వచ్చింది. రోడ్డుకు రెండు వైపులా వేరుశనగ వేసి వదిలేసిన చేలు, మొలకలు కూడా లేవు. కంచెల మీద చింపిరి పంచెలు ఆరేసినట్టు ఎండుతీగలు వేలాడుతున్నాయి. కదిరి మీదుగా చుట్టు తిరిగే లారీ బాట ఒకటుంది, అది పదిహేను మైళ్లు ఎక్కువ. ఏటికి అడ్డంపడి పోతే గంట కలిసొస్తుందని చెప్పింది నేనే. ఓబులేసు ఒక్క క్షణం ఆలోచించి, “ఇసుక యాడిదాకా ఉండాదప్పా?” అని అడిగాడు.

“రెండు ఫర్లాంగులుంటాది. అవతలి గట్టు కాడ్నుంచి మా ఊరు అయిదు మైళ్లు, అంతా రాళ్ల బాట.”

“సరే, నీ ఇష్టం,” అని బండి తిప్పాడు.

ఏడూ ముప్పావుకు ఏటి దగ్గరికి చేరాం. పేరుకు ఏరే గానీ ఆ ఏడు దాంట్లో తడి లేదు. ఓబులేసు దిగి, నాలుగు టైర్ల మూతలూ విప్పి, అగ్గిపుల్లతో లోపలి పిన్ను నొక్కిపెట్టి గాలి వదిలాడు. ఒక్కో టైరు దగ్గర కూర్చుని, పెన్నులాంటి మీటరు పెట్టి చూసుకుంటూ, సగానికి సగం తగ్గించాడు. టైరు మెత్తబడి వెడల్పుగా పరుచుకుంటే ఇసుకలో దిగబడదట. నిజమే. అంత బరువుతో కూడా జీపు ఒక్కచోటే ఆగింది. అక్కడ నేను దిగి తోశాను. ఎనిమిదింబావుకు అవతలి గట్టు ఎక్కాం.

అక్కడ ఆయన సీటు కింది నుంచి గోనెలో చుట్టిన గాలి పంపు తీశాడు. అది జీపుతో పాటే వచ్చిన మిలిటరీ సామాను. ఇంజనులో ఒక ప్లగ్గు విప్పి ఆ చోట దీన్ని బిగిస్తారు. ఇంజను మిగిలిన మూడు సిలిండర్లతో కుంటుకుంటూ నడుస్తుంటే, నాలుగోది గొట్టం గుండా టైరులోకి గాలి కొడుతుంది. పెట్రోలు వాసన లేని మంచిగాలే వస్తుందని ఆయన ముచ్చటగా చూపించాడు. టైరుకు ఏడెనిమిది నిమిషాలు. నాలుగింటికీ కలిపి అరగంట. ఊరు చేరడానికి ముప్పావుగంట. అంటే తొమ్మిదిన్నరకు ఇంటి ముందు ఉంటాం. లెక్క సరిగ్గానే ఉంది. ఆ లెక్కను చెడగొట్టింది నేను.

బరువంతా వెనకే ఉంది కాబట్టి మొదట వెనక టైర్లు రెంటికీ పట్టించాడు. ఇంతలో మేకలు తోలుకుంటూ ఒక అవ్వ వచ్చింది.

“అవ్వా, మా ఊరికి లారీ ఏమన్నా పోయిందా?” అన్నాను.

“పొద్దున్నే పాయె నాయనా. గొడ్ల లారీనే. గుట్ట కింద బాటలో పోతాండగా జూసినా,” అంది.

లారీ పది దాకా ఉంటుందని కార్డులో ఉన్న మాటే మరిచిపోయాను. నాయన అప్పటికే ఎక్కించేస్తున్నట్టు కళ్లకు కట్టింది.

“అన్నా, ఇంగ చాలు. ముందు టైర్ల మీద బరువు లేదు గదా, ఇట్లే పోదాం,” అన్నాను.

“ముందు వైపే రాళ్లకు ఫస్టు తగిలేదప్పా. మెత్తటి టైరు రాయెక్కితే రిమ్ముకూ రాయికీ నడాన ట్యూబు నలిగిపోతాది. పదైదు నిమిషాలు ఓర్చుకో.”

“ఓర్చుకునేదానికి టైము యాడుండాది? బండి నీదే గానీ ఎద్దులు నావి!”

అంత మాట అన్నాను. ఆయన నా వంక చూసి, పంపు విప్పి, ప్లగ్గు బిగించి, ఎక్కి కూర్చున్నాడు.

మైలు కూడా పోలేదు. ఎడమ ముందు టైరు ఒక పలుగురాయి మీద పడి కూర్చుండిపోయింది. స్టెప్నీ గడ్డికట్టల వెనక ఉంది. కట్టలు దించి, రాళ్లలో జాకీ నిలబెట్టి, చక్రం మార్చి, కట్టలు మళ్లీ కట్టేసరికి తొమ్మిదీ ఇరవై. “కుడిదానికన్నా పట్టిస్తా,” అన్నాడు ఓబులేసు. మళ్లీ ప్లగ్గు విప్పడం, మళ్లీ బిగించడం. వద్దన్నాను. రెండోసారి కూడా వద్దన్నాను. ఈ ముక్క రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఇంకో మైలున్నర పోయాక కుడిది కూడా పోయింది. విప్పి చూస్తే ట్యూబు మీద పక్కపక్కనే రెండు కోతలు, టైరు పక్కన కూడా చీలిక. స్టెప్నీ ఇంక లేదు. “అతుకులెయ్యాల, లోపల పాత టైరు ముక్క పెట్టాల, గంటన్నర అవుతాది. నువ్వు పరిగెత్తప్పా,” అన్నాడు. అప్పుడు తొమ్మిదీ నలభై. ఊరు ఇంకా రెండున్నర మైళ్లుంది.

పరిగెత్తాను. చెప్పులు తెగితే చేత్తో పట్టుకుని పరిగెత్తాను. ఊరి మొదట్లో నాయన ఎదురొచ్చాడు. ఒక్కడే వస్తున్నాడు. భుజాన రెండు పలుపుతాళ్లు ఉన్నాయి. మా వైపు గొడ్డును అమ్మినా పలుపు అమ్మరు. కొన్నవాడు తన తాడు కట్టి తోలుకుపోతాడు, పాత తాడు విప్పుకుని మనం ఇంటికి తెచ్చుకోవాలి. ఆ తాళ్లు చూశాక అడగడానికి ఏమీ మిగల్లేదు.

“గడ్డి యాడ?” అన్నాడు నాయన.

“వస్తాంది నాయనా. బండి చెడిపోయింది.”

ఆయన అక్కడే గట్టు మీద కూర్చున్నాడు. “పది కొట్టినాంక కూడా రోంతసేపు జూసినా. ఇంగ ఉండనన్యాడు లారీవోడు. కర్రోడు ఎక్కినాడు. తెల్లోడు ఎక్కనే ఎక్కల్యా. ఎవురు తోలినా కదల్యా. ఆఖరికి నేనే ముందర నడిసినా. నా యెంట వచ్చినాడు,” అన్నాడు.

నాయన ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు. ఆ రోజు చూశాను. చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

జీపు పదకొండూ ముప్పావుకు ఇంటి ముందుకు వచ్చింది. ఓబులేసు చేతులకు జిగురు, నల్లటి రబ్బరు మరకలు. ఎద్దులు మేసే గాడి ఖాళీగా ఉండడం చూశాడు, నాయన పక్కన పెట్టుకున్న తాళ్లు చూశాడు, నన్ను చూశాడు. నాయన లేచి నిలబడి అడిగాడు: “ఏమప్పా, రెండు గంటలు ముందర రాలేకపోతివా?”

“నేను చెప్పేలోపల...” అని రాయాలని ఉంది. కానీ అది అబద్ధం. చెప్పడానికి కావలసినంత సేపు దొరికింది. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

“తప్పు నాదే పెద్దాయనా,” అన్నాడు ఓబులేసు. “ముందు చక్రాలకు గాలి పట్టించకనే తోలుకొచ్చినా. నీ కొడుకు చెప్తానే ఉండె.”

నాయన ఆయన్ను పల్లెత్తు మాట అనలేదు. కట్టలు దింపించి, ఎదురింటివాళ్ల ఆవులకు వేయమన్నాడు. మా అమ్మ సంగటి ముద్ద పెట్టబోతే ఓబులేసు వద్దని, కడవ దగ్గర నీళ్లు మాత్రం తాగాడు.

తిరుగు ప్రయాణంలో కదిరి చుట్టుబాట పట్టాం. ఆయన నూటికి పైన ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు, పాడైన టైర్ల మాట ఎత్తలేదు. ముదిగుబ్బ దగ్గర ఇంక ఉండబట్టలేక అడిగాను, ఎందుకన్నా అట్లా చెప్పినావని.

“నేను మీ ఊరికి మళ్లా వస్తానా రానా? నువ్వు ఆయన ముందర శానా దినాలు బతకాల. ఎద్దులు పోయినాయి, దాంతో బాటు కొడుకు కూడా పోతే ఆయనేమైపోతాడు?” అన్నాడు.

నాయన మళ్లీ ఎద్దుల్ని కొనలేదు. ఆ తర్వాత పన్నెండేళ్లు బతికాడు. ఆఖరి ఏడు, మంచం మీద పడుకుని ఏవో పాత సంగతులు తలుచుకుంటూ, “ఆ జీపోడు చెడ్డోడు కాదురా. రోంత తొందర మనిషి, అంతే,” అన్నాడు. ఆయన మనసులో ఓబులేసును క్షమించేశాడని అర్థమైంది. నా తొందరనంతా ఆ మనిషి మీద పెట్టి, క్షమించేశాడు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. “అవును నాయనా,” అన్నాను. నాయన పోయాక ఓబులేసును వెతుక్కుంటూ బస్టాండు వెనక్కి వెళ్లేసరికి ఆయన కూడా లేడు, జీపు అమ్మేశారు. నాకు ఇద్దరి దగ్గరా చెప్పుకోవలసింది మిగిలిపోయింది. ఎవరి దగ్గరా చెప్పుకోలేను కాబట్టి మీ దగ్గర చెబుతున్నాను.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. ఇప్పుడు బ్యాటరీకి తగిలించుకునే చిన్న కంప్రెసర్లు వచ్చాయి, చేతిసంచిలో పడతాయి. ఒకటి వెంట పెట్టుకోండి. ఇసుక కోసం గాలి తగ్గించినవాళ్లు రాళ్లలో అడుగుపెట్టే ముందు నాలుగు టైర్లకూ తిరిగి పట్టించండి, అరగంట పట్టినా పట్టనివ్వండి. అప్పటికీ ఆలస్యమై, ఇంటి దగ్గర ఎవరైనా ఎందుకాలస్యమని అడిగితే, డ్రైవరు నోరు విప్పకముందే మీరు చెప్పండి.